ఏడో నంబరు ట్యాంకర్ ఎక్కడ ఆగింది

2007 జూలై 3, మంగళవారం. ఉదయం ఏడు గంటలకు కొంగలగడ్డ వాగులో నీళ్లు తాగిన రెండు బర్రెలు గట్టెక్కుతూనే పడిపోయాయి. తొమ్మిదిలోపు రెండూ చనిపోయాయి. బర్రెలు బక్కమ్మవి. వాగు నీటి మీద నురుగు ఉంది.

కొంగలగడ్డ గుమ్మడిదల దగ్గర ఉంది. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. వాటి వ్యర్థజలాన్ని ట్యాంకర్లు పటాన్‌చెరులోని శుద్ధి కేంద్రానికి చేర్చాలి. దారిలో ఎక్కడైనా వదిలేసి వెనక్కి తిరిగితే కేంద్రం గేటు ముందు క్యూ కట్టే పని ఉండదు. అలా జరుగుతోందని ఫిర్యాదులు వచ్చాక, ట్యాంకర్ల కాంట్రాక్టులో కొత్త షరతు పెట్టారు. ప్రతి ట్యాంకర్‌కు జీపీఎస్ పెట్టె బిగించాలి. పెట్టె నిమిషానికోసారి ట్యాంకర్ ఉన్న చోటు, దాని వేగం ఒక వరుసగా రాసుకుంటుంది. ఆ వరుసలను కాంట్రాక్టర్ షీటులోకి ఎక్కించి సంగారెడ్డిలోని తనిఖీ ఆఫీసుకు పంపాలి.

సర్పంచ్ పెద్దరాములు అదే రోజు తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. గురువారం కాంట్రాక్టర్ తన పదకొండు ట్యాంకర్ల షీట్లు పంపాడు. వాటిలో ఏడో నంబరు ట్యాంకర్ మంగళవారం తెల్లవారుజామున 4.41 నుంచి 5.05 వరకు కదలలేదు. అక్షాంశం 17.68, రేఖాంశం 78.36. తనిఖీ ఆఫీసు వాళ్లు మ్యాపు మీద ఆ చోటు వెతికారు. అది కొంగలగడ్డ వాగు మీది కల్వర్టు పక్కన పడింది.

ఏడో నంబరు డ్రైవర్ పెంటయ్య. అతనిది కొంగలగడ్డే.

శుక్రవారం కాంట్రాక్టర్ ఆఫీసులో సూపర్‌వైజర్ ముర్తుజా అతన్ని పిలిచి అడిగాడు.

"తెల్లారగట్ల యాడ ఆపినవ్?"

"యాడ ఆపలే సాబ్."

"ఇరవై నాలుగు నిమిషాలు వేగం సున్నా అని ఉంది. బండి గాల్లో నిలబడ్డదా?"

"నాకెర్క లేదు సాబ్. పెట్టె ఖరాబయిందేమో."

శనివారం లోడుతో వస్తున్న ఏడో నంబరు ట్యాంకర్‌ను ఊరివాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు ఆపి చక్రాల కింద రాళ్లు పెట్టారు. పోలీసులు వచ్చారు. మంగళవారం తనిఖీ ఆఫీసు తుది రిపోర్టు ఇస్తుందని, అప్పటిదాకా బండిని ముట్టుకోవద్దని రెండు వైపులా చెప్పి వెళ్లారు. తాళంచెవి పెంటయ్య దగ్గరే ఉంది. అతను ఇంటికి నడిచి వెళ్లాడు. దారిలో ఎవరూ పలకరించలేదు.

పెంటయ్యకు బోరు కింద ఎకరంన్నర పొలం ఉంది. నారు పోసి నెల దాటింది. కొంగలగడ్డలో నాట్లు బదలు పద్ధతిలో వేస్తారు. ఒకరి పొలానికి అందరూ పోతారు, తర్వాత ఆ ఇంటి మనిషి మిగతా వాళ్ల పొలాలకు పోతుంది. పెంటయ్య భార్య ముత్యమ్మ ఆ వానాకాలం కారులో అప్పటికే తొమ్మిది ఇళ్ల వాళ్ల పొలాల్లో వంగింది. ఆదివారం ఆమె వంతు. దున్ని, గొర్రు తోలి, నీళ్లు పెట్టి ఉంచారు. ఎవరూ రాలేదు. ముత్యమ్మ గట్టు మీద పది దాకా కూర్చొని, నారు కట్టలు మళ్లీ నీళ్లలో పెట్టి ఇంటికి వచ్చింది.

"బక్కమ్మ ఇంటికి పోయిన" అంది పెంటయ్యతో. "తలుపు తీయలే. లోపల్నుంచే అన్నది. మొగడు నీళ్లల్ల విషం పోస్తడు, పెండ్లాం అదే నీళ్లల్ల నాటేస్తదా అన్నది."

పెంటయ్య లేచి పొలానికి పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు. సాయంత్రం లోపల నాలుగుసార్లు అలా తిరిగాడు.

"కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుడెందుకు? ఆపినవా లేదా, జెర చెప్పరాదు" అంది ముత్యమ్మ.

"వాగు కాడ ఆపలే."

"మరి యాడ?"

పెంటయ్య మళ్లీ బయటికి నడిచాడు.

పటాన్‌చెరు బస్టాండ్ వెనక, రెండో అంతస్తులో కాంట్రాక్టర్ ఆఫీసు ఉంది. షీట్లు తయారు చేసేది తాజున్నీసా. సంగారెడ్డి అమ్మాయి. అంతకుముందు పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో మూడేళ్లు జీతాల షీట్లు చేసింది. పెట్టె రాసుకునే టైము గ్రీనిచ్‌ది, మన గడియారం కాదని, దానికి ఐదున్నర గంటలు కలపాలని ఆమెకు తెలుసు. మొదటి రోజు నుంచి కలుపుతోంది. అందులో తప్పు లేదు.

జూలై 9, సోమవారం ఉదయం తనిఖీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రిపోర్టుకు జత చేయడానికి ఏడో నంబరు తిరిగిన దారి బొమ్మ కావాలన్నారు. తాజున్నీసా మంగళవారం షీటు తెరిచి అక్షాంశాలు, రేఖాంశాలతో గ్రాఫు గీయించింది. తెర మీద దారి రాలేదు. చుక్కలు వచ్చాయి. ఒకదానికొకటి సమాన దూరంలో, నిలువుగా, అడ్డంగా. చుక్కల మధ్య ఏమీ లేదు.

నాలుగో నంబరు షీటు తెరిచింది. ఆ ట్యాంకర్ జిన్నారం దారిలో తిరుగుతుంది. దాని చుక్కలూ అలాగే ఉన్నాయి. ఒకచోట నాలుగో నంబరు చుక్క, ఏడో నంబరు చుక్క ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ రెండు దారులు ఎక్కడా కలవవు.

ఆ ఉదయం తొమ్మిదో నంబరు డ్రైవర్ తన పెట్టెను వారం లెక్క కోసం ఇచ్చి వెళ్లాడు. తాజున్నీసా దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, షీటులోకి ఎక్కించకముందే వరుసలు చూసింది. దశాంశం తర్వాత ఆరు అంకెలున్నాయి. తన షీట్లలో రెండే ఉన్నాయి.

జీతాల పనిలో కొత్త షీటు తెరవగానే చేసే మొదటి పని అన్ని నిలువు వరుసలకూ రెండు దశాంశాలు పెట్టడం. రూపాయలు, పైసలు. పైసల తర్వాత ఇంకేమీ ఉండదు. ఇక్కడ చేరాక కూడా ఆమె చేయి అదే చేసింది. షీటు సాఫ్‌గా ఉందని ముర్తుజా మెచ్చుకున్నాడు కూడా. రెండు అంకెలే పెట్టినా మిగతావి షీటు లోపల ఉండాలి. కానీ తనిఖీ ఆఫీసు కంప్యూటర్ అంకెల మధ్య కామాలు మాత్రమే ఉండే సాదా ఫైలునే తీసుకుంటుంది. షీటును అలా మార్చి దాస్తే తెర మీద కనిపించిన అంకెలే మిగులుతాయి. మిగతావి పోతాయి. రెండు అంకెల లెక్కలో ఒక చుక్కకూ దాని పక్క చుక్కకూ మధ్య కిలోమీటరుకు పైగా దూరం ఉంటుంది. ఆ మధ్యలో ఎక్కడ ఆగినా ట్యాంకర్ దగ్గరి చుక్క మీదే కనిపిస్తుంది.

పెట్టె నుంచి తీసిన అసలు ఫైళ్లు లేవు. షీటు అయ్యాక వాటిని తీసేయాలన్నది ముర్తుజా పెట్టిన పద్ధతి. కంప్యూటర్‌లో జాగా తక్కువ. ఇక మిగిలింది ఏడో నంబరు ట్యాంకర్‌లో ఉన్న పెట్టె. అందులో పది వేల వరుసలు పడతాయి, ఆ తర్వాత పాతవి చెరుగుతూ కొత్తవి ఎక్కుతాయి. బండి నిలబడి ఉన్నా అది నిమిషానికో వరుస రాస్తూనే ఉంటుంది. ఆమె వేళ్ల మీద లెక్క వేసింది. 3వ తేదీ తెల్లవారుజాము వరుసలు ఆ రాత్రి గడిస్తే ఉండవు.

పది గంటలకు ముర్తుజా వచ్చాడు. ఆమె గ్రాఫు చూపించింది.

"ఏంది బేటీ ఇది, ముగ్గా?"

"ముగ్గే సాబ్. చుక్కలు నేనే పెట్టిన." ఆమె జరిగింది చెప్పింది.

ముర్తుజా కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"పెంటయ్య ఆపిండా లేదా? ఆ వేగం సున్నా నిజమేనా?"

"నిజమే."

"ఆపలే అని నా మొహం మీద అబద్ధమాడిండు. యాడ ఆపితే ఏంది? ఆపినోడు ఆపినోడే."

"వాగు కాడ ఆపితే వేరు సాబ్, చాయ్ హోటల్ కాడ ఆపితే వేరు."

"పదకొండు బండ్ల షీట్లు తప్పని రాసిస్తే ఈ కాంట్రాక్టు ఉంటదా? నీ నౌకరీ ఉంటదా?"

"బొమ్మ పంపుమన్నరు. ఇది పంపితే వాళ్లే అడుగుతరు, ట్యాంకర్ చుక్క నుంచి చుక్కకు దుంకుతదా అని. వాళ్లు అడిగేదాకా ఎందుకు? నేనే రాసిస్త."

ముర్తుజా కిటికీ దగ్గరికి పోయి కింద రోడ్డు చూశాడు. తిరిగి వచ్చి సొరుగులోంచి ల్యాప్‌టాప్, కేబుల్ తీశాడు.

"చార్జింగ్ ఎంతుంది సూడు. జల్దీ."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసు జీపు కొంగలగడ్డ చేరింది. ముర్తుజా పెద్దరాములును వెతుక్కుంటూ పంచాయతీ ఆఫీసులోకి పోయాడు. తాజున్నీసా పెంటయ్య ఇల్లు అడిగింది. ఎదురొచ్చిన ఆయన వేలు చూపించి పోయాడు.

పెంటయ్య గడప మీద కూర్చొని ఉన్నాడు. ఆమె నిలబడే విషయం చెప్పింది.

"తప్పు నాది అన్నా. మీ బండి వాగు కాడ ఆగిందని షీటు చెప్పింది గానీ పెట్టె చెప్పలే. పెట్టెల అసలు చోటు ఉంది. ఈ రోజు తీస్తేనే ఉంటది, రేపటికి చెరిగిపోతది."

ముత్యమ్మ లోపలి నుంచి వచ్చింది. పెంటయ్య లేవలేదు.

"అసలు చోటు అంటే, ఎంత అసలు?" అని అడిగాడు.

"మనిషి ఈ గడప మీద నిలబడ్డడా, ఆ వాకిట్ల నిలబడ్డడా అన్నట్టు. కొన్ని అడుగులు తేడా రావచ్చు."

"తీయకపోతే?"

"షీటే మిగులుతది. రేపు రిపోర్టు రాస్తరు."

పెంటయ్య ముత్యమ్మ వైపు చూశాడు, నేల చూశాడు.

"మెయిన్ రోడ్డు మీద పంక్చర్ షాపు కాడ ఆపిన" అన్నాడు.

"పంక్చర్‌కు ఇరవై నాలుగు నిమిషాలా? అందుకు నాలుగు దినాలు నోరు మూసుకుంటివా?" అంది ముత్యమ్మ.

"పంక్చర్ కాదు."

ముత్యమ్మకు అర్థమైంది. ఆ షాపు వెనక డ్రమ్ములున్నాయని, లారీల వాళ్లు అక్కడ డీజిల్ దించి అమ్ముతారని ఆ రోడ్డు మీద తిరిగే అందరికీ తెలుసు. డీజిల్ కాంట్రాక్టర్‌ది. దించినట్టు తేలితే డ్రైవర్‌ను తీసేస్తారు.

"ఎన్నిసార్లు దించినవ్?"

"శానాసార్లేం కాదు."

"నౌకరీ పోతదా?"

"పోతది. మళ్ల ఈ చుట్టుపక్కల ఎవడు బండి ఇయ్యడు."

ముత్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "దొంగ అని నవ్వుతరు. నవ్వనీ. ఎన్ని దినాలు నవ్వుతరు? వాగు మాట అట్ల కాదు. ఇగ ఈ ఊర్ల పిల్లలు నీళ్లు తాగినప్పుడల్లా నీ పేరే తీస్తరు." ఆమె తాజున్నీసా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు చెల్లె."

"నేనేం చెప్పను అక్కా. తాళంచెవి అన్న దగ్గరుంది."

పెంటయ్య జేబు తడుముకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. సందు చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు. మళ్లీ బయల్దేరాడు. ఈసారి ఆగలేదు.

పంచాయతీ ఆఫీసు ముందు నలభై మంది దాకా చేరారు. తాజున్నీసా ట్యాంకర్ క్యాబిన్ ఎక్కి, డ్యాష్‌బోర్డు కింద ఉన్న పెట్టెకు కేబుల్ తగిలించింది. వరుసలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కడం మొదలైంది. ఇద్దరు ముగ్గురు టైరు మీద కాలు పెట్టి తొంగి చూశారు.

"చీమల బారు లెక్క ఉంది."

"గా చీమలల్ల మన పెంటయ్య ఏ చీమనో."

"ఎర్ర చీమనే ఉంటడు తియ్యి, కుట్టి పోయిండు."

బక్కమ్మ గుంపు వెనక నిలబడి ఉంది. "నా బర్రెలు ఎవరి మందు తాగి సచ్చినయో గది కూడ రాస్తదా ఆ డబ్బా?" అంది.

ఎక్కడం పూర్తయింది. తాజున్నీసా ఫైలును రెండు చోట్ల దాచింది. అన్ని నిలువు వరుసలకూ ఆరు దశాంశాలు పెట్టి, టైముకు ఐదున్నర గంటలు కలిపింది. జూలై 3, 4.41. అంకెలు 17.683812, 78.356204. పైకి చదివి పెద్దరాములుకు చూపించింది. అతను ఒక కాగితం మీద రాసుకున్నాడు.

"ఇది వాగు కాదని నాకెట్ల తెల్వాలె?" అన్నాడు. "నీ ల్యాప్‌టాప్ నీది, నీ మాట నీది. గురువారం కూడ నువ్వే రాసి పంపినవ్ గదా బిడ్డా."

"నా మాట వద్దు పటేలా. బండిని కల్వర్టు కాడికి తోలుదాం. ఐదు నిమిషాలు నిలబెడదాం. పెట్టె ఏం రాస్తదో మీరే చదువుండ్రి."

పెద్దరాములు పోలీసులకు ఫోన్ చేసి చెప్పి, రాళ్లు తీయించాడు. పెంటయ్య స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. పక్కన పెద్దరాములు, ముర్తుజా. వెనక బెర్త్ మీద తాజున్నీసా. బండి వెనక మోటార్ సైకిళ్లు, సైకిళ్లు, నడిచేవాళ్లు. బక్కమ్మను ఎవరో మోటార్ సైకిల్ మీద ఎక్కించుకున్నారు.

కల్వర్టు దగ్గర ఆపారు. ఐదు నిమిషాల తర్వాత పెట్టెలోని చివరి వరుసలు తీశారు. 17.679644, 78.360371. పెద్దరాములు కాగితంతో పోల్చి చూశాడు. తాజున్నీసా ఆ అంకెలనే రెండు దశాంశాలకు కుదించి చూపించింది. 17.68, 78.36 వచ్చింది. కాగితం మీది అంకెలనూ కుదించింది. అవీ 17.68, 78.36 అయ్యాయి.

"గిట్ల అయింది పటేలా."

"రెండిటి నడుమ ఎంత దూరం?"

"సూటిగ పోతే ఆరు వందల మీటర్లు దాటుతది. అటు, మెయిన్ రోడ్డు దిక్కు."

పెద్దరాములు బండి దిగి జనానికి చెప్పాడు. మంగళవారం తెల్లవారుజామున పెంటయ్య బండి ఇక్కడ ఆగలేదని అన్నాడు. గుంపులో ఒకతను అడిగాడు.

"ఈడ ఆగలేదు సరే. మరి యాడ ఆగిండు? ఇంకో దిక్కు పోసి రాలేదా?"

"అవు. ఆపలే అని ఎందుకు చెప్పిండు?"

పెద్దరాములు పెంటయ్య వైపు చూశాడు. ముర్తుజా కూడా చూశాడు. పెంటయ్య ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"ఎక్కుండ్రి సర్పంచ్ సాబ్" అన్నాడు.

బండి మెయిన్ రోడ్డు ఎక్కి ఎడమకు తిరిగింది. పంక్చర్ షాపు ముందు పెంటయ్య బ్రేకు వేశాడు. షాపు అతను ట్యాంకర్‌ను, దాని వెనక వస్తున్న మోటార్ సైకిళ్లను చూసి షట్టర్ కిందికి లాగడం మొదలుపెట్టాడు.

"తెరువు భయ్యా, మస్తు గిరాకీ వచ్చింది నీకు" అన్నాడు ఒకతను. కొందరు నవ్వారు. షట్టర్ పడింది.

ఐదు నిమిషాలు గడిచాయి. పెట్టె రాసింది 17.683809, 78.356211. పెద్దరాములు కాగితం చేత్తో పట్టుకొని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు. చివరి రెండు అంకెలు తప్ప అన్నీ కలిశాయి.

"ఆ చివరి తేడా?"

"రెండడుగులో, మూడడుగులో" అంది తాజున్నీసా.

ముర్తుజా షాపు పక్క నుంచి వెనక్కి పోయి చూసి వచ్చాడు. డ్రమ్ములు, పైపు ఉన్నాయి.

"నెలకు ఎన్నిసార్లు?"

"రెండు మూడు సార్లు సాబ్."

"నేను నీకోసం నాలుగు రోజులుగా మాటలు పడుతున్న. కీ ఇయ్యి."

పెంటయ్య కీ ఇచ్చాడు. క్యాబిన్‌లోంచి తన తువ్వాలు, నీళ్ల సీసా తీసుకొని దిగాడు. బండి అక్కడే ఉండిపోయింది. పటాన్‌చెరు నుంచి వేరే డ్రైవర్ రావడానికి గంటన్నర పట్టింది.

బక్కమ్మ మోటార్ సైకిల్ దిగి పెంటయ్య ముందుకు వచ్చింది.

"డీజిల్ దొంగవా?"

"అవు వదినె."

"వాగు కాడ నువ్వు కాదు."

"కాదు."

"మరి నా బర్రెలను ఎవరు సంపిండ్రు?"

పెంటయ్యకు తెలియదు. ఆమె తాజున్నీసాను అడిగింది. మిగతా బండ్ల పెట్టెలు ఈ రాత్రిలోపు దొరికితే చూస్తానని తాజున్నీసా చెప్పింది.

ఆఫీసుకు తిరిగి వచ్చాక ఆమె డ్రైవర్లందరికీ ఫోన్లు చేసింది. ఉదయం వచ్చిన తొమ్మిదో నంబరు పెట్టె ఆమె బల్ల మీదే ఉంది. ఆఫీసు మూసే లోపు ఇంకో నాలుగు వచ్చాయి. ఆ ఐదు ట్యాంకర్లూ మంగళవారం తెల్లవారుజామున కల్వర్టు వైపు పోలేదు. మిగతా ఐదు పెట్టెలు మరునాడు అందాయి. వాటిలో 3వ తేదీ తెల్లవారుజాము వరుసలు చెరిగిపోయాయి.

జూలై 10న తనిఖీ ఆఫీసు ఏడో నంబరు సవరించిన షీటు తీసుకుంది. కల్వర్టు దగ్గర వ్యర్థజలం వదిలింది ఎవరో నిర్ధారణ కాలేదని రిపోర్టులో రాసింది. అదే రోజు కాంట్రాక్టర్ పెంటయ్యను పనిలోంచి తీసేశాడు. తాజున్నీసా ఆ నెల జీతంలో కోత పడింది, ఉద్యోగం ఉంది.

జూలై 12, గురువారం. పెంటయ్య పొలంలో నాట్లు పడ్డాయి. తొమ్మిది ఇళ్ల నుంచీ మనుషులు వచ్చారు. బక్కమ్మ రాలేదు. కోడలిని పంపింది.